రౌటింగ్ ప్రమాణాల్లో నంబర్లను రిజర్వు చేసే డ్రాఫ్టుకు భద్రతా సమీక్ష ఎలా చేయాలి

ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థ డ్రాఫ్టులను (ముసాయిదాలను) చదవడం మొదలుపెట్టిన నెట్‌వర్క్ ఇంజినీర్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. కొత్త ప్రోటోకాల్ లేదు, కొత్త సందేశం లేదు, ఎన్‌క్రిప్షన్ ఊసే లేదు. ఫలానా నంబర్లను ఇకపై ఎవరికీ కేటాయించకూడదని మాత్రమే చెప్పే నాలుగైదు పేజీల డ్రాఫ్టులో భద్రత కోణం నుంచి పరిశీలించడానికి ఏముంటుంది? నిజానికి చాలా ఉంటుంది. ఒక నంబరును రిజర్వు చేసినందువల్ల రౌటర్ల మధ్య నడిచే ప్యాకెట్లలో ఒక్క బిట్టు కూడా మారదు. ఆ నంబరు గురించి రౌటర్లలో, ఫిల్టర్లలో, పర్యవేక్షణ ప్రోగ్రాముల్లో, వాటిని నడిపే మనుషుల్లో ఉన్న నమ్మకం మాత్రం మారాలి. ఆ నమ్మకం కొన్ని చోట్ల మారి మరికొన్ని చోట్ల పాతదిగానే మిగిలిపోతే ఆ తేడాలోనుంచి ప్రమాదం పుడుతుంది. ఆ తేడా ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే సమీక్షకుడి పని.

ఇక్కడ ఉదాహరణగా 2014 జులైలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 7300ను తీసుకుంటున్నాను (ఖరారై వెలువడిన డ్రాఫ్టును ఆర్‌ఎఫ్‌సీ అంటారు). నెట్‌వర్కులు తమ మార్గాలను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్ బీజీపీలో ఒక్కో నెట్‌వర్కును గుర్తించే ఏఎస్ నంబర్లలో, రెండు బైట్ల, నాలుగు బైట్ల శ్రేణులకు చివరివైన 65535, 4294967295 రెండింటినీ ఎవరూ వాడకూడదని అది రిజర్వు చేసింది. దానికి ఏడాది ముందు, 2013 జులైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6996 ప్రైవేటు వాడకానికి రెండు శ్రేణులను స్థిరపరిచింది: 64512 నుంచి 65534 వరకు ఒకటి, 4200000000 నుంచి 4294967294 వరకు మరొకటి. ఈ రెండు పత్రాలూ చిన్నవి, ఎవరికైనా అందుబాటులో ఉన్నవి కనుక సాధనకు చక్కగా పనికివస్తాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- డ్రాఫ్టు తాజా ప్రతి, దాని పాత ప్రతులు. రెండు ప్రతుల మధ్య ఏ వాక్యాలు మారాయో చూస్తే రచయితలు ఎక్కడ తడబడ్డారో తెలుస్తుంది.
- భద్రతా విభాగం ఎలా రాయాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 3552, ప్రోటోకాల్ నంబర్ల పట్టికలను నిర్వహించే ఐయానాకు సూచనలిచ్చే విభాగం ఎలా రాయాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 8126.
- బీజీపీకి సంబంధించి ఆర్‌ఎఫ్‌సీ 4271, దాని బలహీనతలను విశ్లేషించిన 4272, నాలుగు బైట్ల ఏఎస్ నంబర్లకు 6793, దోషాలున్న సందేశాలను ఎలా చూడాలో చెప్పే 7606.
- ఐయానా నిర్వహించే ప్రత్యేక ప్రయోజన ఏఎస్ నంబర్ల పట్టిక, బీజీపీ వెల్‌నోన్ కమ్యూనిటీల (మార్గానికి తగిలించే, అందరికీ ఒకే అర్థమున్న గుర్తుల) పట్టిక.
- ఒక లినక్స్ యంత్రం, అందులో ఎఫ్‌ఆర్‌ఆర్, బర్డ్ వంటి కనీసం రెండు వేర్వేరు బీజీపీ ప్రోగ్రాములు.
- ఇంటర్నెట్ మార్గాల వివరాలను సేకరించి భద్రపరిచే రౌట్‌వ్యూస్ లేదా రైప్ ఆర్‌ఐఎస్ నుంచి దించుకున్న ఒక రౌటింగ్ టేబుల్ ఫైలు, దాన్ని చదివే బీజీపీడంప్.

గడువు సంగతి మరిచిపోవద్దు. వర్కింగ్ గ్రూపు నుంచి వచ్చిన డ్రాఫ్టుకు లాస్ట్ కాల్ (ఆమోదానికి ముందు అభిప్రాయాలు కోరే చివరి గడువు) సాధారణంగా 2 వారాలు, వ్యక్తిగత డ్రాఫ్టుకు 4 వారాలు ఉంటుంది. ఆఖరి రోజున పంపిన సమీక్షకు జవాబు రాసే వ్యవధి రచయితలకు దొరకదు.

1. ఈ రిజర్వేషన్ ఏ రకమో ఒక్క వాక్యంలో రాసుకోండి

రిజర్వు అనే ఒక్క మాట వెనుక అయిదారు వేర్వేరు ఉద్దేశాలుంటాయి. 64512 వంటి నంబరును ఎవరైనా తమ సంస్థ లోపల వాడుకోవచ్చు. 64496 నుంచి 64511 వరకు, 65536 నుంచి 65551 వరకు ఉన్నవి పుస్తకాల్లో, శిక్షణ పాఠాల్లో ఉదాహరణలుగా రాయడానికే. 23456 అనేది నాలుగు బైట్ల నంబర్లు తెలియని పాత రౌటర్ల కోసం ఆ స్థానంలో పెట్టే ప్రత్యామ్నాయం. 0 అనేది ఏఎస్ పాత్‌లో (మార్గం దాటివచ్చిన ఏఎస్ నంబర్ల వరుసలో) కనిపించడమే తప్పు. 65535, 4294967295 రెండూ ఎవరికీ చెందనివి.

మీ డ్రాఫ్టులోని నంబరు వీటిలో దేనికి దగ్గరగా ఉందో నిర్ణయించుకున్నాక మూడు ప్రశ్నలకు డ్రాఫ్టులోనే జవాబు వెతకండి. దీన్ని ఎవరు పంపవచ్చు? ఇది అందితే స్వీకరించిన రౌటరు ఏం చేయాలి? ఆ బాధ్యత ఆపరేటరుదా, సాఫ్ట్‌వేర్ రాసినవారిదా? మూడో ప్రశ్నకు జవాబు దొరకని డ్రాఫ్టులు ఎక్కువ. "వాడకూడదు" అన్న వాక్యానికి కర్త ఎవరో తెలియకపోతే, ఆపరేటరు తయారీదారు చూసుకుంటాడని, తయారీదారు ఆపరేటరు చూసుకుంటాడని ఊరుకుంటారు. ఇది కనబడితే తప్పకుండా రాయండి.

2. ఆ నంబరు పాత అర్థాన్ని తవ్వి తీయండి

1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1930 ప్రైవేటు శ్రేణిని 64512 నుంచి 65535 వరకు అని రాసింది. అంటే 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6996 వచ్చేదాకా 65535ను ప్రైవేటు నంబరుగా వాడుకోవడం ఆ పత్రానికి విరుద్ధమేమీ కాదు. ఆ కాలంలో తయారై చేతులు మారుతూ వచ్చిన ఫిల్టర్లలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) చివరి భాగం 6553[0-5], అంటే 65530 నుంచి 65535 వరకు, అని ఉంటుంది. ఇప్పటి ప్రమాణం ప్రకారం అది 6553[0-4] కావాలి, 65535కు వేరే వరుస రాయాలి.

ఆ ఒక్క అంకె వల్ల ఏమవుతుందని అనుకోవద్దు. ఏఎస్ పాత్ నుంచి ప్రైవేటు నంబర్లను తొలగించే సాధనాల్లో చివరి నంబర్లను చేర్చకూడదని ఆర్‌ఎఫ్‌సీ 7300 మస్ట్ నాట్ (తప్పనిసరి నిషేధం) అనే మాటతోనే చెప్పింది. తొలగించే సాధనం 65535ను కూడా చడీచప్పుడు లేకుండా తీసేస్తే, ఎవరో దాన్ని తప్పుగా వాడుతున్న సంగతి బయటి ప్రపంచానికి ఎప్పటికీ తెలియదు. తీయకుండా వదిలితే పొరుగు నెట్‌వర్కు ఫిల్టరు దాన్ని అడ్డుకుంటుంది, తప్పు వెంటనే బయటపడుతుంది. తొలగింపు, తిరస్కరణ ఒకే పని అనుకోవడం ఈ రకం డ్రాఫ్టుల్లో తరచూ కనిపించే పొరపాటు. మీ డ్రాఫ్టు ఏది కోరుతోందో స్పష్టంగా ఉందో లేదో చూడండి.

3. అదే నంబరు వేరే పట్టికలో ఏ పని చేస్తోందో చూడండి

నా అభిప్రాయంలో సమీక్ష మొత్తంలో అత్యంత ఫలవంతమైన అడుగు ఇది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. బీజీపీ కమ్యూనిటీలో మొదటి రెండు బైట్లలో ఏఎస్ నంబరు రాయడం ఆనవాయితీ. అయితే 65535తో మొదలయ్యే కమ్యూనిటీలన్నింటినీ ఆర్‌ఎఫ్‌సీ 1997 ముందే రిజర్వు చేసి పెట్టింది. 65535:65281 అంటే ఈ మార్గాన్ని బయటి ఏఎస్‌లకు చెప్పవద్దని, 65535:65282 అంటే ఏ పొరుగు రౌటరుకూ చెప్పవద్దని అర్థం.

ఇప్పుడు 65535ను తన ప్రైవేటు నంబరుగా ఎంచుకున్న ఒక సంస్థను ఊహించండి. ట్రాఫిక్కును పారవేయమని కోరడానికి తన ఏఎస్ నంబరు పక్కన 666 రాయడం ఆపరేటర్లలో చాలాకాలంగా ఉన్న అలవాటు కనుక ఆ సంస్థ కూడా 65535:666ను లోపలి గుర్తుగా వాడుకుంటుంది. 2016 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 7999 సరిగ్గా అదే విలువను బ్లాక్‌హోల్ కమ్యూనిటీగా ప్రకటించింది. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8326 వచ్చి 65535:0కు మార్గం త్వరలో ఆగిపోబోతోందనే అర్థం ఇచ్చింది. ఆ సంస్థ లోపలి గుర్తు బయటికి జారితే, బ్లాక్‌హోల్ కమ్యూనిటీని అంగీకరించే పొరుగు నెట్‌వర్కు దాని ట్రాఫిక్కును పారవేస్తుంది. ఇక్కడ ఎవరూ దాడి చేయలేదు, ఎవరి కోడులోనూ దోషం లేదు. ఆర్‌ఎఫ్‌సీ 7300 ఈ కమ్యూనిటీల ప్రమాదాన్ని 2014లోనే ప్రస్తావించింది; తరువాత వచ్చిన రెండు కేటాయింపులూ ఆ హెచ్చరిక ఎంత అవసరమో చూపించాయి.

కనుక మీ నంబరును కమ్యూనిటీలు, ఎక్స్‌టెండెడ్ కమ్యూనిటీలు, ఆర్‌పీకేఐ (మార్గాల ధ్రువీకరణ), నెట్‌ఫ్లో (ట్రాఫిక్ లెక్కలు), ఎస్‌ఎన్‌ఎమ్‌పీ (పరికరాల పర్యవేక్షణ) అన్నింటిలో పెట్టి చూడండి. నెట్‌ఫ్లో 5వ వెర్షనులో ఏఎస్ గడి 16 బిట్లే. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ చదివే విలువల జాబితా అయిన పాత బీజీపీ మిబ్‌లోనూ పొరుగు ఏఎస్ విలువ 65535తో ఆగిపోతుంది. పెద్ద నంబరు తప్పుగా వాడుతున్నారని పర్యవేక్షణలో కనిపెట్టవచ్చని డ్రాఫ్టు అనుకుంటే, ఆ పర్యవేక్షణకు అది అసలు కనబడుతుందా అని అడగండి.

4. కూడని నంబరు అందినప్పుడు ఏం జరగాలో తేల్చండి

ఆర్‌ఎఫ్‌సీ 4271 ప్రకారం దోషమున్న అప్‌డేట్ (మార్గాలను తెలిపే సందేశం) అందితే రౌటరు చాలా సందర్భాల్లో సెషన్‌నే, అంటే పొరుగు రౌటరుతో బీజీపీ సంబంధాన్నే, తెంచేస్తుంది. ఒక రిజర్వు నంబరును దోషంగా ప్రకటించడమంటే, జాగ్రత్త తీసుకోకపోతే, ఎక్కడో దూరాన ఉన్నవారికి మీ సెషన్లను తెంచే మీటను అందించడమే. దోషాన్ని పట్టించుకోని మధ్య రౌటర్లు ఆ అప్‌డేట్‌ను మోసుకొస్తాయి, పట్టించుకునే రౌటరు దాన్ని మోసుకొచ్చిన నిర్దోషి పొరుగుతో సంబంధం తెంచుకుంటుంది. 2010 ఆగస్టు 27న ఐరోపా ప్రాంతపు ఇంటర్నెట్ నంబర్ల రిజిస్ట్రీ రైప్ ఎన్‌సీసీ, డ్యూక్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రయోగంలో ఇలాంటిదే జరిగింది: పరిచయం లేని ఒక బీజీపీ అట్రిబ్యూట్‌ను (మార్గంతోపాటు వెళ్లే వివరాన్ని) ఒక రకం రౌటర్లు పాడుచేసి ముందుకు పంపాయి, అందుకున్న రౌటర్లు సెషన్లు తెంచుకున్నాయి.

సరైన పద్ధతికి 2015 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7607ను చూడండి. పొరుగు రౌటరు సెషన్ తెరిచేటప్పుడే తన ఏఎస్ నంబరు 0 అంటే ఆ సెషన్‌ను నిరాకరించాలి. దూరం నుంచి వచ్చిన మార్గపు ఏఎస్ పాత్‌లో 0 కనబడితే ఆర్‌ఎఫ్‌సీ 7606 చెప్పినట్టు ఆ మార్గాన్ని ఉపసంహరించినట్టుగా భావించాలి, సెషన్ నిలబడాలి. మీ డ్రాఫ్టులో ఈ రెండు సందర్భాలూ విడివిడిగా ఉన్నాయా? లేకపోతే ఇది చిన్న సవరణ కింద రాయవలసిన విషయం కాదు, అసలు అభ్యంతరం కింద రాయవలసినది.

5. నంబరు ఏ పరిమాణంలో నిల్వ ఉంటుందో లెక్కగట్టండి

శ్రేణి అంచుల దగ్గర కోడు తప్పు చేస్తుంది. 4294967295 అంటే 32 బిట్లూ 1గా ఉన్న విలువ. దాన్ని ప్లస్, మైనస్ గుర్తు ఉన్న పూర్ణాంకంగా చదివితే -1 అవుతుంది, చాలా ప్రోగ్రాముల్లో -1 అంటే "దొరకలేదు" లేదా "ఏదైనా సరే" అని అర్థం. 4200000000 అదే రీతిలో -94967296 అవుతుంది, ఇక దానికన్నా పెద్దదా అన్న పోలిక తలకిందులైపోతుంది. గుర్తు ఉన్న 32 బిట్ల గడి 2147483647 దాటి నిల్వ చేయలేదు కనుక మీ సంస్థ డేటాబేసులోని ఏఎస్ గడి ఏ రకమో ఒకసారి చూడండి.

చివరి 16 బిట్లను మాత్రమే ఉంచుకునే కోడులో 65536 కాస్తా 0 అవుతుంది, 4294967295 కాస్తా 65535 అవుతుంది, 4200000000 అయితే 59904 అనే మామూలు నంబరుగా మారుతుంది. 4200000000 దశాంశంలో చూడడానికి గుండ్రంగా ఉన్నా మాస్కుతో పట్టుకోగలిగే బిట్ల సరిహద్దు మీద పడదు. కనుక రెండు కొసలతోనూ పోల్చే కోడు రాయాలి. చుక్క పెట్టి రాసే పద్ధతిలో అదే నంబరు 64086.59904 అవుతుంది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది. 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5396 చుక్క లేని పద్ధతినే ప్రమాణం చేసింది, మీ సమీక్షలోనూ అదే వాడండి.

భద్రతా విభాగంలో "బీజీపీ అమలులోని దోషాలను ఈ నంబర్ల వాడకం బయటికి తేవచ్చు" అనే అర్థమిచ్చే వాక్యం ఆర్‌ఎఫ్‌సీ 7300లో ఉంది. ఆ వాక్యానికి ఆధారం పై లెక్కలే.

6. దాడి చేసేవాడి స్థానంలో కూర్చోండి

ప్రైవేటు నంబర్లను తప్పుగా వాడితే సంబంధాలు తెగవచ్చని, ఆ నష్టం తప్పుగా వాడిన సంస్థకే పరిమితమని ఆర్‌ఎఫ్‌సీ 6996 భద్రతా విభాగం చెబుతుంది. ఇలాంటి "పరిమితం" అనే మాట కనబడినచోట ఆగి పరీక్షించండి.

పెద్ద డేటా సెంటర్లలో రౌటర్లకు ప్రైవేటు ఏఎస్ నంబర్లు ఇచ్చి బీజీపీ నడపడం ఆర్‌ఎఫ్‌సీ 7938 వివరించిన పద్ధతి. బయటివాడు తన ప్రిఫిక్సును (ఐపీ చిరునామాల సముదాయాన్ని) ప్రకటిస్తూ ఏఎస్ పాత్‌లో 65001ను ఇరికించాడనుకోండి. ఆ పాత్‌ను అలాగే లోపలికి రానిస్తే, 65001గా నడుస్తున్న మీ రౌటరు తన నంబరు చూసుకుని, మార్గం తన దగ్గరికే తిరిగి వచ్చిందని భావించి తిరస్కరిస్తుంది. కనుక బయటికి పంపేటప్పుడు ప్రైవేటు నంబర్లను తొలగించడం ఎంత అవసరమో, లోపలికి వచ్చే పాత్‌లలో అవి ఉంటే తిరస్కరించడం అంతే అవసరం. మొదటిది ఆర్‌ఎఫ్‌సీ 6996 మస్ట్‌గా చెప్పింది. రెండోది 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7454 సిఫారసుల్లో దొరుకుతుంది. మీ డ్రాఫ్టు ఒకవైపు మాత్రమే చెబితే రెండోవైపు కూడా చెప్పమని అడగండి.

ఇంకొక కోణం పాత రౌటర్లది. నాలుగు బైట్లు తెలియని రౌటరుకు ఏఎస్ పాత్‌లో 4200000000 స్థానంలో 23456 కనిపిస్తుంది, అసలు నంబరు ఏఎస్4 పాత్ అనే వేరే అట్రిబ్యూట్‌లో దాని కళ్లకు కనబడకుండా ప్రయాణిస్తుంది. అక్కడ ఎంత మంచి ఫిల్టరు రాసినా ఫలితం సున్నా. అందుకే డ్రాఫ్టు రెండు అట్రిబ్యూట్లనూ పేరుపెట్టి ప్రస్తావించాలి.

7. బయట ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారేమో చూడండి

దించుకున్న ఫైలును బీజీపీడంప్‌తో వరుసకు ఒక మార్గంగా తెరిచి, నిలువు గీతలతో విడిపోయిన గడుల్లో 7వ దానిలో మాత్రమే నంబరు వెతకండి. వరుస మొత్తంలో 65535 అని వెతికితే కమ్యూనిటీలన్నీ లెక్కలోకి వచ్చి లేని ప్రమాదం ఉన్నట్టు కనిపిస్తుంది. నంబరుకు ముందూ వెనుకా హద్దు ఉండేలా వెతకండి. బ్రాకెట్లలో ఉండే ఏఎస్ సెట్‌లను (వరుసక్రమం లేని ఏఎస్ నంబర్ల గుంపులను) వదిలేయకండి. ఏమీ దొరకకపోతే ఎవరూ వాడడం లేదని రాయవద్దు. బయటికి పంపే చోట తొలగించి ఉండవచ్చు, లోపలి వాడకం ఈ ఫైళ్లలో కనిపించదు.

ఈ అడుగు ఏఎస్ నంబర్లకే కాదు. నాలుగు బైట్ల ఏఎస్ నంబర్లకు సరిపోయే లార్జ్ కమ్యూనిటీలకు మొదట 30 అనే అట్రిబ్యూట్ నంబరు ఇచ్చారు. పరీక్ష కోసం ప్రకటించిన ప్రిఫిక్సులు కొన్నిచోట్లకు చేరకపోవడంతో ఆ నంబరును అప్పటికే అనుమతి లేకుండా వాడేస్తున్న పరికరాలున్నాయని తేలింది, లార్జ్ కమ్యూనిటీలు 32కు మారాయి. 30, 31, 129, 241, 242, 243లను ఇక కేటాయించకుండా పక్కన పెడుతూ 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8093 వచ్చింది.

8. ల్యాబులో పంపి చూడండి

హెచ్చరిక: ఈ ల్యాబుకు ఇంటర్నెట్‌తో బీజీపీ సంబంధం ఏ రూపంలోనూ ఉండకూడదు. ప్రిఫిక్సులుగా 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24లను, మామూలు ఏఎస్‌లుగా 64496 నుంచి 64511 వరకు ఉన్నవాటిని మాత్రమే వాడండి.

మూడు రౌటర్లను వరుసగా కలపండి. మొదటిది రిజర్వు నంబరును పాత్‌లో పెట్టి పంపాలి, మధ్యది మీరు పరీక్షించే ప్రోగ్రాము, మూడోది ఫలితం చూసేది. శ్రేణి కింది కొస, పై కొస, వాటికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ విలువలన్నీ పంపండి. పాత్‌లో ప్రైవేటు నంబర్లు మాత్రమే ఉన్నప్పుడు ఒకసారి, ప్రైవేటు, మామూలు నంబర్లు కలిసి ఉన్నప్పుడు మరోసారి తొలగింపును పరీక్షించండి. కలిసి ఉంటే అసలు తొలగించని పాత సాఫ్ట్‌వేర్లున్నాయి. ల్యాబు పెట్టుకునే వీలు లేనివారు ప్రోగ్రాముల సోర్సులో ప్రైవేటు ఏఎస్‌ను గుర్తించే ఫంక్షన్‌ను చదివినా సగం జవాబు దొరుకుతుంది.

ఫలితం సరైనదని ఎలా తెలుస్తుంది? మధ్య రౌటరులో సెషన్ మొదలైన సమయం మారకూడదు, మారితే సెషన్ తెగినట్టే. తిరస్కరించిన మార్గానికి లాగ్‌లో కారణం కనబడాలి. మూడో రౌటరులో పాత్‌ను కంటితో కాకుండా ప్యాకెట్ క్యాప్చర్‌లో చూడండి, తెర మీద రాయడంలోనే తప్పు చేసే ప్రోగ్రాములుంటాయి.

9. ఐయానా విభాగం చదవండి

ఏ పట్టికలో, ఏ గడిలో, ఏ మాటలతో చేర్చాలో అక్షరాలా ఉండాలి. శ్రేణికి రెండు కొసలూ అందులో భాగమేనా అన్నది సందేహం లేకుండా తెలియాలి. పాత పత్రం చెప్పినదాన్ని మారుస్తుంటే పై పేజీలో ఆ పత్రాన్ని సవరిస్తున్నట్టు రాసి ఉండాలి. ఆర్‌ఎఫ్‌సీ 7300 ఆ విధంగానే 1930ను సవరించింది.

10. సమీక్ష రాయండి

మొదట డ్రాఫ్టు సారం రెండు వాక్యాల్లో, తరువాత మీ నిర్ణయం, ఆపైన కారణాలు రాయండి. సిద్ధంగా ఉంది, చిన్న సవరణలతో సిద్ధంగా ఉంది, సమస్యలున్నాయి, సిద్ధంగా లేదు అనే అర్థమిచ్చే స్థాయిలు డ్రాఫ్టులను భద్రత కోణంలో సమీక్షించే ఐఈటీఎఫ్ బృందం సెక్యూరిటీ డైరెక్టరేట్ సమీక్షల్లో వాడుకలో ఉన్నాయి. అభ్యంతరం రాసిన ప్రతిచోటా ఆ స్థానంలో పెట్టదగిన వాక్యాన్ని కూడా మీరే సూచించండి, లేకపోతే రచయితలు మీ ఉద్దేశాన్ని ఊహించవలసి వస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు రెండు రకాలుగా ఉంటుంది. ఒకరు "కొత్త భద్రతా సమస్యలు లేవు" అన్న వాక్యం చూసి సంతృప్తి పడతారు. మరొకరు ఆ వాక్యం చూడగానే ఆగ్రహించి, బీజీపీకి ఉన్న పాత బలహీనతలన్నీ ఈ చిన్న డ్రాఫ్టు మోయాలని కోరతారు. మార్గాల చోరీ, లీకులు ఈ రిజర్వేషన్ వల్ల రాలేదు. వాటికి ఆర్‌ఎఫ్‌సీ 4272ను చూపిస్తే చాలు. నంబరు రిజర్వు కాకముందు దానివల్లే ఉన్న ప్రమాదం, రిజర్వు అయ్యాక వచ్చిన ప్రమాదం, మారుతున్న కాలంలో మాత్రమే ఉండే ప్రమాదం అని మూడు ఖానాలు గీసుకుని మీ పరిశీలనలను వాటిలో సర్దండి. ఏ ఖానాలోనూ పడనిది ఈ సమీక్షకు చెందదు.

రచయితల జవాబు వచ్చాక తరువాతి ప్రతిని తెరిచి, మీరు ఎత్తిచూపిన వాక్యం నిజంగా మారిందో లేదో చూడండి. ఒప్పుకున్నామని రాసి మార్చడం మరిచిపోయినవి కనిపిస్తాయి. ఆర్‌ఎఫ్‌సీగా వెలువడిన రోజున ఐయానా పట్టికలోని వరుసను పత్రంలోని నంబర్లతో అంకె అంకె సరిపోల్చండి, తేడా ఉంటే ఎర్రాటా (తప్పుల సవరణ) పంపండి. తరువాత మీ సొంత నెట్‌వర్కు ఫిల్టర్లలో 6553[0-5] ఎక్కడెక్కడ మిగిలి ఉందో వెతికి సరిచేయండి.